కంప్యూటరు కొయ్యబారిపోతే?

దుక్కి అయిపోయిన తరువాత ఎద్దులను ఊరికే కట్టేసి మేపడానికి ఏ రైతుకూ మనసొప్పదు. పక్కచేనువాడు వచ్చి అడిగితే ఒక పూటకు తోలి పంపుతాడు. తన నాట్లనాడు ఆ పక్కచేనువాడు మనిషిసాయం వస్తాడు. మన పల్లెల్లో ఈ బదులు సాయం తరతరాలుగా వస్తున్నదే. పట్నవాసంలో ఇటువంటిది లేదని మనం అనుకుంటాం గాని, పాతికేళ్ళకు పైగా ఒక వింతైన బదులు సాయం ప్రపంచమంతటా నడుస్తున్నది. ఇందులో ఇచ్చేది ఎద్దులను కాదు. ఇంట్లో పనిలేకుండా కూర్చున్న కంప్యూటరును.

దిల్‌సుఖ్‌నగరు మెట్రో స్టేషను మెట్లు దిగితే చాలు, కంప్యూటరు మాట చెవిని పడకుండా పది అడుగులు వెయ్యలేము. పై అంతస్తులనిండా శిక్షణాలయాల బోర్డులు, సందుల్లో హాస్టళ్ళు, వాటి కింద చిన్నచిన్న రిపేరు దుకాణాలు. అక్కడినుంచి చైతన్యపురి, కొత్తపేట మీదుగా ఎల్.బి.నగరు చౌరస్తాదాకా ఎన్ని ఇళ్ళలో కంప్యూటర్లు వున్నాయో, ఎన్ని గదుల్లో లాప్‌టాపులు వున్నాయో చూసేవారికే తెలుస్తుంది. అయితే వాటిని ఇంటివాళ్ళు వాడేది రోజుకు కొద్ది గంటలే. ఆ కొద్ది గంటల్లోనూ, ఉత్తరం టైపు చేస్తున్నప్పుడో, సినిమా చూస్తున్నప్పుడో, లోపలి ప్రాసెసరు చాలా భాగం కునుకు తీస్తూనే వుంటుంది. ఆ కునుకువేళను శాస్త్రజ్ఞుల లెక్కలకు అప్పగించడమే ఈ సాయం.

వినడానికి బాగానే వున్నది. కాని మొదలుపెట్టిన నాలుగో రోజునో, పదో రోజునో యంత్రం ఉన్నట్టుండి కొయ్యబారిపోతుంది. తెరమీద బాణంగుర్తు కదలదు. మీట నొక్కితే ఉలకదు, పలకదు. దిల్‌సుఖ్‌నగరు వాడుకలో చెప్పాలంటే "సిస్టమ్ హ్యాంగ్" అయింది. నేరం లెక్కదా? యంత్రానిదా? ఆ సంగతి తేల్చుకునే పద్ధతి తెలియక ఎందరో ఈ సాయాన్నే మానుకుంటున్నారు. కొందరు అనవసరంగా కొత్త సామాను కొని జేబు ఖాళీ చేసుకుంటున్నారు.

ఇంటింటికీ ఒక లెక్క

ముందుగా ఈ పని పుట్టుపూర్వోత్తరాలు కాస్త చెప్పుకోవాలి. 1999 మే 17న అమెరికాలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్‌లీ శాఖవారు "సెటీ ఎట్ హోమ్" అనే పథకం ప్రారంభించారు. పోర్టోరికో ద్వీపంలోని అరసిబో వద్ద 305 మీటర్ల వెడల్పున వున్న రేడియో దూరదర్శిని ఆకాశంనుంచి పట్టిన ధ్వనులలో, మరో లోకపు బుద్ధిజీవుల సంకేతం ఏదైనా వున్నదా అని వెతకడం దాని ఉద్దేశం. అంత సమాచారాన్ని వడపోయగల మహాయంత్రాన్ని కొనడానికి వారివద్ద డబ్బు లేదు. అందుచేత సమాచారాన్ని చిన్నచిన్న పొట్లాలుగా కట్టి, ఇష్టమైనవారి ఇళ్ళలోని కంప్యూటర్లకు పంపారు. ఒక్కొక్క పొట్లంలో వుండేది సుమారు 107 సెకన్ల ఆకాశధ్వని. ఇంటి కంప్యూటరు దాన్ని వడపోసి ఫలితం తిరిగి పంపుతుంది. మరో పొట్లం తెచ్చుకుంటుంది.

కాలక్రమాన 50 లక్షలమందికి పైగా ఇందులో చేరారు. 2020 మార్చి 31న కొత్త పొట్లాలు పంపడం ఆపివేశారు. మరో లోకపు పలకరింపు దొరకలేదు. అదే సంవత్సరం డిసెంబరు 1న అరసిబో దూరదర్శిని కూడా కూలిపోయింది. కాని ఆ పథకం నేర్పిన పద్ధతి మిగిలింది. సెటీ పథకానికి మూలపురుషులలో ఒకరైన డేవిడ్ ఆండర్సన్ 2002లో "బోయింక్" అనే ప్రోగ్రామును రూపొందించడం మొదలుపెట్టారు. ఏ శాస్త్రానికి సంబంధించిన లెక్కనైనా సరే, ఈ ఒక్క ప్రోగ్రాము ద్వారా ఇంటింటికీ పంచిపెట్టవచ్చు.

దానివల్ల ఒరిగిందేమిటని అడగవచ్చు. 2005లో ప్రారంభమైన "ఐన్‌స్టైన్ ఎట్ హోమ్" పథకంలో, అమెరికాలోని అయోవా రాష్ట్రంలో ఒక దంపతుల కంప్యూటరూ, జర్మనీలోని మైన్జ్ నగరంలో మరొకరి కంప్యూటరూ కలిసి 2010లో ఒక కొత్త పల్సారును పట్టుకున్నాయి. సెకనుకు సుమారు 41 సార్లు తనచుట్టూ తాను తిరిగే మృతనక్షత్రం అది. వారెవరూ ఖగోళ శాస్త్రజ్ఞులు కారు. 2020లో కరోనా వచ్చి లోకమంతా తలుపులు మూసుకున్నప్పుడు, ప్రోటీన్ల ముడతలను లెక్కకట్టే "ఫోల్డింగ్ ఎట్ హోమ్" పథకంలోకి లక్షలమంది తమ యంత్రాలను తోలారు. ఆ మార్చి నెలలో దాని సమష్టి వేగం సెకనుకు ఒక ఎక్సాఫ్లాప్ దాటింది. అంటే 1 పక్కన 18 సున్నాలు వేస్తే ఎంతో, సెకనుకు అన్ని లెక్కలు.

మన హైదరాబాదుకు మరింత దగ్గరగా వచ్చే సంగతి ఒకటి వున్నది. 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ దోమకడుపులో మలేరియా క్రిమిని కనుగొన్నది మన బేగంపేటలోనే. నేడు వానాకాలం రాగానే మనల్ని భయపెట్టే దోమజబ్బు డెంగీ. ఆ జబ్బుకు మందు వెతకడానికి 2007లో ఇటువంటి పథకమే ఒకటి మొదలయింది. ఐ.బి.ఎం. వారు 2004లో నెలకొల్పిన "వరల్డ్ కమ్యూనిటీ గ్రిడ్" ద్వారా, టెక్సాసు విశ్వవిద్యాలయ వైద్యశాఖ శాస్త్రజ్ఞులు, ఏ రసాయనం ఆ వైరసును పట్టి ఆపగలదో ఇంటింటి కంప్యూటర్లచేత లెక్కకట్టించారు. కనుక కొత్తపేట సందులో రాత్రంతా నడిచే యంత్రం, ఎవరో ఊరూపేరూ తెలియనివారి వేడుక తీర్చడానికే నడుస్తున్నదని తీసిపారెయ్యడానికి వీలులేదు.

తండ్రీ కొడుకుల తగవు

ఇప్పుడు చిక్కులోకి వద్దాం. కొత్తపేటలో రెండు గదుల పోర్షను ఒకటి ఊహించుకోండి. బీరువాకూ గోడకూ మధ్య ఇరుకున కంప్యూటరు బల్ల. ఇంట్లో వున్నది ఆ ఒక్క యంత్రమే. కొడుకు ఇంజనీరింగు చదువుతున్నాడు. వాడు రాత్రిళ్ళు దానికి లెక్కలు అప్పగించి పడుకుంటున్నాడు. వారం తిరగకుండా అది హ్యాంగ్ కావడం మొదలుపెట్టింది. ఒకనాడు వాడు రాసుకున్న ప్రాజెక్టు కాగితాలు భద్రం కాకముందే తెర కొయ్యబారిపోయింది. తెల్లవారితే కాలేజీలో అప్పగించాలి.

"ఎవ్వరి లెక్కలకో మన మిషన్ ఖరాబు చేసుకునుడేందిరా?" అంటాడు తండ్రి.

"అది ఖరాబు చేస్తలేదు నాయినా. ఉన్న ఖరాబును చూపిస్తున్నది," అంటాడు కొడుకు.

"మరి కరెంటు బిల్లు ఎవరు కడతరు?" అని వంటింట్లోంచి తల్లి.

ముగ్గురూ సరైన మాటలే అన్నారు. అయితే కొడుకు అన్న మాటను కొంచెం విప్పి చెప్పుకోవాలి. మామూలు వాడకంలో యంత్రం రెండు నిమిషాలు కష్టపడితే పది నిమిషాలు సేదదీరుతుంది. బోయింక్ లెక్కలు వచ్చిన తరువాత సేదదీరే వేళ వుండదు. వంద మెట్లు ఎక్కేదాకా గుండెలోని లోపం బయటపడనట్టే, గంటల తరబడి పూర్తి శక్తితో పనిచేసేదాకా యంత్రంలోని లోపం బయటపడదు. మందగించిన ఫాను, ఎండిపోయిన పేస్టు, నీరసించిన ఎస్.ఎం.పి.ఎస్., దోషమున్న ర్యామ్ - ఇవన్నీ అంతకుముందే వున్నవి. ఈ లెక్కలు లేకపోతే ఏ పరీక్షనాడో, ఏ ఇంటర్వ్యూ నాడో బయటపడేవి.

తండ్రి మాటలోనూ నిజం లేకపోలేదు. లోపమున్న యంత్రాన్ని అలాగే తోలుతూ పోతే ఆ లోపం ముదురుతుంది. కనుక మొదటి సూత్రం ఇది: హ్యాంగ్ అవుతున్నంతకాలం లెక్కలు ఆపండి, చదువు కాగితాలన్నీ ఒక పెన్‌డ్రైవులోకి ఎక్కించండి, ఆ తరువాతనే కారణం వెతకండి.

ఆగినవన్నీ ఒకటి కావు

రిపేరు దుకాణంలో అనుభవం గల కుర్రవాడు మొట్టమొదట అడిగే ప్రశ్న ఒకటే: "హ్యాంగ్ అయితందా అన్నా, ఆఫ్ అయితందా?" ఆ ప్రశ్నలోనే సగం వైద్యం వున్నది.

యంత్రం ఆగినట్టు కనబడగానే కీబోర్డుమీద క్యాప్స్ లాక్ మీట నొక్కి చూడండి. దాని చిన్న దీపం వెలిగి ఆరుతూ వుంటే యంత్రం బతికే వున్నది. తెరో, ఏదో ఒక ప్రోగ్రామో మాత్రమే చిక్కుపడింది. దీపం కదలకపోతే యంత్రం మొత్తం బిగుసుకుపోయిందని చాలావరకు అనుకోవచ్చు.

యంత్రం చక్కగా నడుస్తూ లెక్క ఒక్కటే ముందుకు సాగకపోవడం మరో రకం. బోయింక్ కిటికీ తెరిచి ఆ లెక్క పక్కన ఏమి రాసివున్నదో చదవండి. "సస్పెండెడ్" అని వుంటే అది జబ్బు కాదు, మర్యాద. మీరు యంత్రాన్ని వాడుతున్నారనో, లాప్‌టాపు బ్యాటరీమీద నడుస్తున్నదనో, వైరసులను వెతికే ప్రోగ్రాము పనిలో వున్నదనో అది పక్కకు తప్పుకున్నది. "వెయిటింగ్ ఫర్ మెమొరీ" అని వుంటే ర్యామ్ చాలక కాచుకొని వున్నది. "రన్నింగ్" అని వుండి కూడా గంటల తరబడి అది వాడుకున్న ప్రాసెసరు కాలం పెరగకపోతే, అప్పుడు నిజంగా చిక్కుపడిందన్నమాట.

అప్పుడైనా తొందరపడి ఆ లెక్కను చెరిపివెయ్యకండి. పుస్తకం చదివేవారు ఆపినచోట నెమలీక పెట్టుకున్నట్టు, ఈ లెక్కలు కూడా మధ్యమధ్య గుర్తు పెట్టుకుంటాయి. బోయింకును ఒకసారి పూర్తిగా మూసి తెరిస్తే చివరి గుర్తునుంచి మళ్ళీ అందుకుంటాయి. రెండుసార్లు అలా చేసినా అదే చోట ఆగితే ఆ ఒక్క లెక్కను విడిచిపెట్టండి. కేంద్రంవారు దాన్ని మరొకరికి పంపుతారు. శాస్త్రానికి నష్టమేమీ లేదు.

జెనీవా దగ్గర సెర్న్ పరిశోధనాలయంవారి లెక్కలలో కొన్ని, మన కంప్యూటరులోపల మరో కంప్యూటరును నిలబెట్టుకొని నడుస్తాయి. వాటికి ర్యామ్ ఎక్కువ కావాలి. యంత్రాన్ని నిద్రపుచ్చి లేపితే అవి గాభరాపడతాయి. 4 జీబీ ర్యామ్‌తో నెట్టుకొచ్చే పాత యంత్రాలవారు వాటి జోలికి పోకుండా, తేలిక లెక్కలు ఎంచుకోవడం మంచిది.

ముసుగు తియ్యండి

ఇక యంత్రమంతా బిగుసుకుపోయే రకానికి వద్దాం. మన నగరంలో ఏప్రిల్, మే నెలల్లో దీనికి మొదట అనుమానించవలసింది వేడినే. పగలు 40 డిగ్రీలు తగిలిన మేడగది రాత్రి పదింటికీ చల్లబడదు. ఎల్.బి.నగరు చౌరస్తాకు దగ్గరగా, విజయవాడ దారికి ఎదురుగా వున్న ఇళ్ళలో కిటికీ తీస్తే గాలితోపాటు దుమ్మూ వస్తుంది. ఆ దుమ్ము ఫాను రెక్కలకూ, దాని కింది లోహపు పళ్ళకూ మధ్య దూదిపింజలా పేరుకుంటుంది. గాలి ఆడదు. ప్రాసెసరు వేడి 100 డిగ్రీల దరిదాపులకు వచ్చేసరికి తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. అప్పటికీ చల్లబడకపోతే ఆగిపోతుంది.

దీనికితోడు మన ఇళ్ళలో ఒక అలవాటు వున్నది. దుమ్ము పడుతుందని కంప్యూటరు పెట్టెమీద ఎంబ్రాయిడరీ గుడ్డ కప్పుతాం. అది ఆపివున్నప్పుడు కప్పితే మంచిదే. నడుస్తున్నప్పుడు కప్పితే ఎండలో కంబళి కప్పినట్టే. పెట్టెను బీరువా సందులోంచి ఇవతలికి లాగి, వెనకాల ఒక జానెడైనా ఖాళీ వుంచండి. లాప్‌టాపును పరుపుమీద పెట్టి లెక్కలు నడపడం ఎంతమాత్రం పనికిరాదు. దాని ముక్కురంధ్రాలు అడుగుననే వుంటాయి.

దుమ్ము దులపడానికి ప్లగ్గు తీసివేసి, పెట్టెను బాల్కనీలోకి తీసుకుపోయి, పక్కపలక విప్పి, బ్లోయరుతో ఊదాలి. ఊదేటప్పుడు ఫాను రెక్కను ఒక పెన్సిలుతో ఆపి పట్టుకోవాలి. లేకపోతే విపరీతమైన వేగంతో తిరిగి ఫాను పాడవుతుంది. నాలుగైదేళ్ళయిన యంత్రమైతే ప్రాసెసరుకూ దానిమీది లోహపు దిమ్మెకూ మధ్య వుండే పేస్టు ఎండిపోయి వుండవచ్చు. దాన్ని తుడిచి కొత్తది వెయ్యడం రిపేరు దుకాణంలో కొద్దిసేపటి పని.

అయితే వేడే కారణమని రుజువేమిటి? ఖర్చులేని పరీక్ష ఒకటి వున్నది. బోయింకులో ఎన్ని ప్రాసెసరు భాగాలను వాడుకోవాలో చెప్పే గడి వున్నది. అందులో 100 శాతం బదులు 50 శాతం అని పెట్టి రెండు రాత్రులు నడపండి. హ్యాంగ్ కావడం ఆగిపోతే అనుమానం వేడిమీదికో, విద్యుత్తు సరఫరామీదికో మళ్ళుతుంది. సగానికి తగ్గించినా అదేవిధంగా ఆగితే ర్యామునూ, డిస్కునూ చూడాలి.

నాడి పట్టి చూడడం

ఇందులో ముఖ్యమైన నియమం ఏమంటే ఒక్కసారికి ఒక్కటే మార్చాలి. దుమ్ము దులిపి, ర్యామ్ మార్చి, విండోసు కొత్తగా ఎక్కించి, అన్నీ ఒకే ఆదివారం చేసేస్తే యంత్రం బాగుపడినా ఎందువల్ల బాగుపడిందో తెలియదు. బల్లమీద ఒక నోటుపుస్తకం పెట్టుకోండి. ఏ తేదీన, ఎన్ని గంటలకు, ఏ లెక్క నడుస్తుండగా, ఎలా ఆగిందో రాయండి. వారం రోజుల రాత మెకానిక్కుకు చూపిస్తే అతనికి సగం శ్రమ తగ్గుతుంది.

లక్షణాలు ఇవి. యంత్రం మెల్లగా మందగించి, ఫాను హోరెత్తి, ఆపైన బిగుసుకుపోతే అది వేడి. ఏ సూచనా లేకుండా గభాలున ఆరిపోయి, తనంత తాను మళ్ళీ వెలిగితే ఎస్.ఎం.పి.ఎస్.ను అనుమానించాలి. సాయంత్రాలు వోల్టేజీ పడిపోయినప్పుడు, లేదా కరెంటు రెప్పపాటు పోయివచ్చినప్పుడు మాత్రమే ఆరిపోతే యు.పి.ఎస్. బ్యాటరీ ముసలిదైంది. మామూలు పనికి చాలినంత బలం దానికి వున్నా, నిండు బరువును మొయ్యలేకపోతున్నది. తెర నీలంగా మారి, ప్రతిసారీ వేరు వేరు తప్పు చూపిస్తూ వుంటే ర్యామ్ దోషం కావచ్చు. యంత్రం ఆగకుండానే రకరకాల పథకాల లెక్కలన్నీ "కాంప్యుటేషన్ ఎర్రర్" అని పడిపోతున్నా ర్యామునే ముందు చూడాలి. ఒక్క పథకం లెక్కలే పడిపోతూ తక్కినవి బాగుంటే తప్పు మీ యంత్రానిది కాకపోవచ్చు. ఆ పథకంవారి ప్రోగ్రాములోనే వుండవచ్చు.

ర్యామ్ పరీక్షకు "మెమ్‌టెస్ట్" అనే ప్రోగ్రాము ఉచితంగా దొరుకుతుంది. దాన్ని రాత్రి నడిపి పొద్దున చూడండి. వెయ్యి తప్పులు వచ్చినా ఒక్క తప్పు వచ్చినా ఒకటే. ఆ యంత్రాన్ని నమ్మడానికి వీలులేదు. రెండు ర్యామ్ పలకలు వుంటే ఒకటి తీసి ఒకటి వుంచి విడివిడిగా పరీక్షిస్తే దోషి దొరుకుతుంది. పలక అంచున వుండే పసుపు పళ్ళను బడిపిల్లల రబ్బరుతో సుతారంగా రుద్ది మళ్ళీ పెట్టడం మన మెకానిక్కుల పాత చిట్కా. తుప్పు, మురికి పట్టినచోట అది పనిచేస్తుంది.

యంత్రం బిగుసుకోకుండా కేవలం నత్తనడక నడుస్తూ, డిస్కు దీపం ఆరకుండా వెలుగుతుంటే ర్యామ్ చాలక డిస్కును అరువు తెచ్చుకుంటున్నదని అర్థం. ఒకేసారి నాలుగు లెక్కలు నడుస్తుంటే రెండుకు తగ్గించండి. సినిమా చూసేటప్పుడు బొమ్మ ఆగి ఆగి వస్తుంటే గ్రాఫిక్స్ కార్డు లెక్కల్లో మునిగివున్నది. మనం యంత్రం వాడుతున్నప్పుడు గ్రాఫిక్స్ లెక్కలు ఆపమని చెప్పే గడి బోయింకులోనే వున్నది.

ఇవన్నీ చూసుకోకుండా సికిందరాబాదు సి.టి.సి.కి పరుగెత్తి కొత్త సామాను కొనకండి. నిజంగా కొనవలసివచ్చినా, ఏది కొనాలో తెలిసి వెళ్ళినవాడికీ, తెలియక వెళ్ళినవాడికీ ఖర్చులో చాలా తేడా వుంటుంది.

తప్పు చిప్పులోనే వుంటే

అన్నీ బాగానే వున్నా యంత్రం ఆగిపోతే? అటువంటి సందర్భమూ చరిత్రలో వున్నది. 1996నుంచి "గింప్స్" అనే సంఘంవారు మెర్సెన్ ప్రధాన సంఖ్యలకోసం ఇంటి కంప్యూటర్లమీద వెతుకుతున్నారు. 2ను 13,62,79,841 సార్లు హెచ్చవేసి 1 తీసివేస్తే వచ్చే సంఖ్య ప్రధాన సంఖ్య అని 2024 అక్టోబరులో తేల్చినది ఈ సంఘమే. దానిలో 4,10,24,320 అంకెలు వున్నాయి.

ఈ వేటకు వాడే "ప్రైమ్ 95" అనే ప్రోగ్రాము నడుస్తున్నప్పుడు, ఇంటెల్ కంపెనీ ఆరవతరం ప్రాసెసర్లున్న కొన్ని కొత్త యంత్రాలు కొయ్యబారిపోవడం మొదలుపెట్టాయి. దుమ్ము లేదు, వేడి లేదు, ర్యామ్ మంచిదే. ఔత్సాహికులు పట్టువిడవకుండా ఒక్కొక్కటే మార్చి చూసి, ఫలానా లెక్క దగ్గర ఆగుతున్నదని వేలుపెట్టి చూపించారు. చిప్పులోనే లోపమున్నదని 2016 జనవరిలో ఇంటెల్ ఒప్పుకున్నది. బయోస్ మార్పు ద్వారా దాన్ని సరిచేశారు. ఉద్యోగులు కానివారు, జీతం లేనివారు, ఇళ్ళలో కూర్చుని పట్టిన తప్పు అది.

దానికి 22 సంవత్సరాలు ముందు, 1994లో, వర్జీనియా రాష్ట్రంలో లించ్‌బర్గ్ కళాశాల గణితాచార్యుడు థామస్ నైస్లీ జంట ప్రధాన సంఖ్యలమీద లెక్కలు చేస్తూ, కొత్త పెంటియం యంత్రం భాగహారంలో తప్పుచేస్తున్నదని గమనించాడు. నెలల తరబడి తన ప్రోగ్రామును, యంత్రంలోని తక్కిన భాగాలను ఒక్కొక్కటిగా అనుమానించి, తోసిపుచ్చి, చివరకు చిప్పును పట్టుకున్నాడు. ఆ ఒక్క తప్పువల్ల ఇంటెల్ కంపెనీ 47 కోట్ల 50 లక్షల డాలర్లు నష్టంగా రాసుకోవలసివచ్చింది. నైస్లీ చేసినదల్లా కొత్తపేట కుర్రవాడు నోటుపుస్తకంలో చెయ్యవలసినదే.

కనుక మీ యంత్రం కొత్తదై, ఏ లోపమూ కనబడకుండా ఆగుతుంటే, మదర్‌బోర్డు తయారుచేసినవారు కొత్త బయోస్ ఇచ్చారేమో చూడండి. అయితే అది ఎక్కించేటప్పుడు కరెంటు పోతే బోర్డు పనికిరాకుండా పోవచ్చు. మంచి యు.పి.ఎస్. లేనివారు ఆ పని తెలిసిన మెకానిక్కుకు అప్పగించడమే మేలు. వేగం కోసం ప్రాసెసరును దాని హద్దుకు మించి తోలే సరదా వున్నవారు, ముందు దాన్ని మామూలు వేగానికి తేవాలి.

ఆగడంకన్నా కీడు

యంత్రం ఆగిపోవడం చిరాకేగాని, శాస్త్రం దృష్టిలో అది పెద్ద కీడు కాదు. ఆగినది ఆగినట్టు తెలుస్తుంది. ఆగకుండా తప్పు సమాధానం పంపే యంత్రం ప్రమాదకరం. దోషమున్న ర్యామ్‌లో ఒక 0 బదులు 1 పడితే ఆ లెక్క తప్పిపోతుంది. తెరమీద మాత్రం ఏ మార్పూ వుండదు. అందుకనే చాలా పథకాలవారు ఒకే లెక్కను ఇద్దరి యంత్రాలకు పంపి, రెండు సమాధానాలూ సరిపోతేనే ఒప్పుకుంటారు. సరిపోకపోతే మూడో యంత్రానికి పంపుతారు. మీ సమాధానాలు తరచుగా "ఇన్‌వాలిడ్" అని తిరిగివస్తుంటే మీ యంత్రం ఆగకపోయినా దాన్ని పరీక్షించవలసిందే.

పదిమందికీ పెట్టే అన్నంలో రాళ్ళు ఏరి వండుతాం. ఊరికే ఇస్తున్నామని రాళ్ళబియ్యం పొయ్యిమీద పెట్టం. ఇవ్వదలచుకున్న యంత్రాన్ని బాగుచేసి ఇవ్వాలన్నదీ అంతే. డెంగీ మందుకోసం చేసే లెక్క తప్పయితే, దాన్ని పట్టుకోవడానికి మరో ఇంట్లో మరో యంత్రం మరో రాత్రి మేలుకోవలసి వుంటుంది.

ఇక తల్లి అడిగిన ప్రశ్నకు జవాబు. లెక్కలు నడిచేటప్పుడు యంత్రం అదనంగా 100 వాట్లు తాగుతుందనుకుంటే, పది గంటలకు ఒక యూనిట్టు. నెలకు 30 యూనిట్లు. మీ వాడకం స్లాబు అంచున వున్నదంటే ఆ 30 యూనిట్లు పై స్లాబులోకి నెట్టవచ్చు. కనుక ముందు నెల బిల్లు చూసుకొని నిశ్చయించుకోండి. సగం ప్రాసెసరుతో, రాత్రి నాలుగు గంటలే నడిపినా సాయం సాయమే. మే నెలంతా ఆపి, వానలు పడి గది చల్లబడ్డాక మొదలుపెట్టినా ఎవరూ తప్పుపట్టరు. బోయింకులో ఏ వేళనుంచి ఏ వేళదాకా నడవాలో కూడా నిర్ణయించవచ్చు. అద్దెగదిలో వుండి కరెంటు ఖర్చు ఇంటివారితో పంచుకునేవారు, హాస్టలు విద్యార్థులు, అడిగి ఒప్పించుకొని మరీ నడపాలి. కాలేజీ కంప్యూటర్లమీద, ఆఫీసు కంప్యూటర్లమీద అనుమతి లేకుండా నడపడం దానం కాదు. ఇతరుల సొమ్ము దానం చెయ్యడం.

పరీక్షలు దగ్గరపడ్డ ఇంట్లో, వున్నది ఒక్క యంత్రమే అయినప్పుడు, పిల్లవాడి చదువే ముందు. శాస్త్రజ్ఞులు కాచుకుంటారు. అయితే ఆగిపోయిన యంత్రాన్ని చూసి భయపడి ఈ సాయం శాశ్వతంగా మానుకోనక్కరలేదు. గుడ్డ తీసి, దుమ్ము ఊది, రెండు రాత్రులు సగం బరువుతో నడిపి, ఫలితం నోటుపుస్తకంలో రాయండి. చాలా యంత్రాలకు ఆ మాత్రం వైద్యం చాలు. తరువాత లెక్కలు సజావుగా సాగినా, సాగకపోయినా, మీ పిల్లల చదువు కాగితాలు దాచుకునే యంత్రం ఎంతవరకు నమ్మదగినదో మీకు తెలిసివుంటుంది.